మణికట్టు పట్టుకునే కోడలు

మార్కాపురంలో మా పక్కింటి కోడలు కంప్యూటర్ తెరపై ప్రశ్నలడిగే పెట్టెలు తయారుచేసేది. ఒకే పెట్టె రంగుల తెరపైనా, అక్షరాలు తప్ప ఏమీ కనబడని, పలకలాంటి ఒట్టి నల్ల తెరపైనా పనిచేయాలి. ఎంటర్ నొక్కేముందు ఎప్పుడూ తన కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకునేది.

ఒకరోజు, "చదవకుండా నొక్కేవాళ్ళు కావాల మామా, రా" అంటూ నన్ను కూర్చోబెట్టింది. నల్ల తెరపై ప్రశ్న వచ్చింది: "రోగుల వివరాలన్నీ చెరిపేయాలా?" అంతకుముందు రంగుల తెరపై చూసినప్పుడు, ఎంటర్ నొక్కితే ఏ జవాబు పడుతుందో చూపే గుర్తు "వద్దు" మీదే ఉండేది. ఇక్కడా అంతేననుకుని ఎంటర్ మీద వేలు ఆనించాను.

"నొక్కొద్దు మామా!" నా చెయ్యి పట్టేసింది. గుర్తు "అవును" మీద ఉంది.

"ఏందమ్మా, ఉత్త పరీక్షే గదా?"

"కాదు మామా. పొరపాటున దీన్ని నిజమైన ఆసుపత్రి కంప్యూటర్‌కే కలిపినాను, ఇప్పుడే చూసినా."

వేలు ఎత్తడానికీ భయమేసింది. చివరికి ఆమే మెల్లగా ఎత్తింది. పెట్టె మాత్రం జవాబు కోసం అలాగే చూస్తోంది.