రెండో పొగ దగ్గర కుడికి

2019 మే నెల. కరీంనగర్ వైపు ఒక పాత ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్. అప్పటికి ముప్పై రెండేళ్లుగా నేను అక్కడ చౌకీదారుని. ఎయిర్‌స్ట్రిప్ అనగానే మీరు చూసిన విమానాశ్రయాన్ని ఊహించుకోకండి. ఒక తారు బాట, ఒక రేకుల గది, గాలి ఎటు వీస్తోందో చూపే పొడుగాటి గుడ్డ సంచీ. దాన్ని విండ్‌సాక్ అంటారు. అది చినిగితే సిరిసిల్ల నుంచి గుడ్డ తెచ్చి నేనే కుట్టేవాణ్ని. బాట మీద రాళ్లు ఏరడం, బర్రెలను తరమడం, బయలుదేరే ముందు ఫోన్ చేసిన పైలట్‌కు ఇక్కడి గాలీ ఎండా చెప్పడం నా పని. టవర్ లేదు, రాడార్ లేదు. నేనున్నాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. బెల్లంపల్లిలో మా మిషన్ చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక, పిల్లల బల్ల మీద మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చొని నేర్చుకున్నాను. పాస్టరమ్మ కొట్టలేదు గానీ పిల్లలు మస్తుగా నవ్వారు. నవ్వనీ. నేర్చుకున్నాక నలుగురికీ పనికొచ్చేలా నేను రాసిన మొదటి కాగితం, మా స్ట్రిప్‌కు దారి.

నాగ్‌పూర్ దిక్కు నుంచి వచ్చే చిన్న విమానాలు రైలు పట్టాలను చూసుకుంటూ వస్తాయి. పైలట్ల దగ్గర మ్యాపులుంటాయి, దారి చూపే తెరలుంటాయి. కానీ ఎండాకాలపు మసకలో పైనుంచి ఏ ఊరు ఏదో పోల్చుకోవడం కష్టం. పొగ మాత్రం దూరం నుంచే కనబడుతుంది. అందుకని ఇలా రాశాను: మొదటి పొగ కాగజ్‌నగర్ పేపర్ మిల్లు. రెండోది కరెంటు తయారయ్యే ప్లాంటు, దాని దగ్గరికి పోవద్దు, పట్టాల వెంటే దాటిపొండి. మూడో పొగ సిమెంటు ఫ్యాక్టరీ, అక్కడ కుడికి తిరగండి, మేం కనబడతాం. పక్కన మూడు గొట్టాల బొమ్మలు గీశాను. ఆ కాగితానికి జిరాక్సులు తీసి పైలట్లు ఏళ్లకేళ్లు దగ్గర పెట్టుకున్నారు.

2014లో మిల్లు మూతపడింది. పొగ ఆగిపోయింది. ఇక పైనుంచి వచ్చేవాళ్లకు కనబడేవి రెండే పొగలు. ఆ వారమే మిల్లు బొమ్మ కొట్టేశాను, ప్లాంటును మొదటి పొగ చేశాను, ‘మూడో పొగ దగ్గర కుడికి’ అన్నదాన్ని ‘రెండో పొగ దగ్గర కుడికి’ అని దిద్దాను. కొత్త జిరాక్సులు పంచాను. ఎంత హుషారుగా దిద్దానో నాకే తెలుసు.

2018లో మిల్లు మళ్లీ తెరిచారు. మా బావమరిదికి అందులో మళ్లీ పని దొరికింది. మిఠాయి డబ్బా పంపాడు. ఆ మిఠాయి తిన్నాను. కాగితం దిద్దలేదు.

డాక్టర్ సుమిత్ర పుట్టింది ఆదిలాబాద్‌లో, పనిచేసేది నాగ్‌పూర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో. ఆమెది ప్రైవేట్ పైలట్ లైసెన్స్, అంటే కిరాయికి మనుషులను ఎక్కించుకోరాదు, సొంతానికి నడుపుకోవచ్చు. నెలకొక శనివారం ఇద్దరు పట్టే ఫ్లయింగ్ క్లబ్బు విమానంలో వచ్చి మా దగ్గర దిగేది. మరమగ్గాల వాళ్లకూ, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన వాళ్లకూ సాయంత్రం దాకా కళ్లు చూసి వెళ్లేది. నా కుడికంటి శుక్లం తీసింది ఆమే.

ఆ శనివారం ఎవరో పెద్దమనిషి హెలికాప్టర్ వస్తుందని ప్లాంటు చుట్టుపక్కల ఆకాశాన్ని ఆ పూటకు కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ చేశారు. అంటే, అడిగి అనుమతి తీసుకోనిదే ఎవరూ లోపలికి రాకూడదు. డాక్టరమ్మ ఆ నోటీసు చదివే బయలుదేరింది. పట్టాల వెంట, ఆ హద్దుకు బయటి నుంచి దాటిపోదామనుకుంది. సగం దారిలో ఎండకు వేడెక్కి ఆమె ముందున్న తెర ఆరిపోయింది. నా కాగితం తీసింది. మసకలో మొదట కనబడిన మిల్లు పొగను ప్లాంటుదనుకొని ఒకటి అని లెక్కపెట్టింది. అసలు ప్లాంటు పొగ ఆమె లెక్కలో రెండు. కుడికి తిరిగింది.

దిగేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

“కాకా, నీళ్లియ్యి.” గ్లాసెడు తాగి రెక్క పట్టుకొని నిలబడింది. “సిమెంటు ఫ్యాక్టరీ అనుకొని తిరిగిన. మసకల నుంచి బయటకొచ్చి కిందికి చూస్తే ప్లాంటు. గా హెలికాప్టర్ నన్ను చూసి పక్కకు మర్లింది. అండ్ల మనుషులున్నరు కాకా.”

ఆమె తొడకు కట్టుకున్న అట్ట మీద నా కాగితం ఉంది. నా రాత నేనే చదువుకున్నాను. వేళ్ల మీద పొగలు లెక్కపెట్టాను. నోట్లో ఆ మిఠాయి తీపి మళ్లీ తగిలినట్టయింది.

“డాక్టరమ్మా, తప్పు నాది. మిల్లు తెరిచినంక గిది దిద్దలే.”

“ఊకో కాకా. నడిపింది నేను. తెర బందైనప్పుడే ఎన్కకు మర్లాలె. మర్లలే.”

“నువ్వు నీది చెప్పుకో. నాది నేను చెప్పుకుంట.”

నాలుగో రోజు హైదరాబాద్ నుంచి విచారణ ఆఫీసర్ వచ్చాడు. డాక్టరమ్మ లైసెన్స్ పూర్తిగా రద్దు చేయాలని పైనుంచి ఒత్తిడి ఉందని అందరికీ తెలుసు. కావాలనే హెలికాప్టర్ దగ్గరికి పోయిందని కూడా కొందరు అన్నారు. లైసెన్స్ పోతే శనివారాలు పోయినట్టే. పొద్దున్నే మా మేనేజర్ నన్ను గది వెనక్కి పిలిచాడు.

“సామేలూ, నువ్వు నోరు తెరవకు. పైలట్ తప్పని రాసుకొని పోతరు. కాగితం ముచ్చట వచ్చిందనుకో, స్ట్రిప్ బంద్, నీ నౌకరీ బంద్.”

“నౌకరీకి ఫికర్ లేదు సార్. కాగితం నాదే గద?”

“చౌకీదార్‌వు నువ్వు. నీ కాగితాన్ని ఎవడు లెక్కచేస్తడు?”

ఆ మాట నన్ను కాల్చింది. నౌకరీ బెదిరింపు కాదు, ఆ మాట.

ఆఫీసర్ మర్యాదస్తుడే. నన్ను డాక్టరమ్మ పక్కన కూర్చోమన్నాడు. కాగితం ముందు పెట్టుకొని నవ్వాడు.

“ఒక డాక్టరు, లైసెన్స్ ఉన్న పైలట్, ఈ బొమ్మల కాగితాన్ని నమ్మి వచ్చిందంటావా?”

“ఇరవై ఏండ్ల సంది నమ్మి వస్తున్నరు సార్. గాలి ఎటున్నదో నన్నడిగే దిగుతరు. మంచిగ దిగినన్ని దినాలు నా కాగితం కాగితమే. తప్పు జరిగినంక బొమ్మలైనయా?”

“ఈవిడే నీ కంటికి ఆపరేషన్ చేసింది కదా?”

“చేసింది. గా కంటితోనే నా తప్పు చదువుకున్న.”

ఆఫీసర్ ఖాళీ కాగితం నా ముందుకు తోశాడు. “సరే, రాయి. ఆ దారంతా.”

రాశాను. నాకు తొందరగా రాయడం రాదు. ఫ్యాను తిరుగుతోంది, మేనేజర్ గడియారం చూసుకుంటున్నాడు, నేను ఒక్కొక్క అక్షరమే పెడుతున్నాను. గొట్టాలు గీశాను. పొగను నేను ఎప్పుడూ మూడు వంకరలుగా గీస్తాను. మూడు వంకరలు పెట్టాను. ఆఫీసర్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వలేదు. మిల్లు ఎప్పుడు మూతపడింది, ఎప్పుడు తెరిచారు, నేనేం దిద్దాను, ఏం దిద్దలేదు, అన్నీ అడిగి రాసుకున్నాడు.

చివరికి వాంగ్మూలం చదివి వినిపించాడు. ‘స్ట్రిప్ దగ్గర ఎవరో గీసిన పాత కాగితం వల్ల పైలట్ పొరబడి’ అని ఉంది. మేనేజర్ ముఖం తేటపడింది. ఆఫీసర్ అలవాటు కొద్దీ వేలిముద్రకని సిరా డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు.

డబ్బాను వెనక్కి జరిపాను. “పెన్ను ఇయ్యుండ్రి. అంతకుముందు గది దిద్దుండ్రి. ‘ఎవరో’ కాదు. నాకు పేరున్నది.”

“పెద్దాయనా, నీ మంచికే అలా రాశాను. పేరు రాస్తే నీ మీదికి వస్తుంది.”

“రానియ్యుండ్రి సార్. ఎవరో గీసిండంటే రేపు ఆమె కట్టుకథ చెప్పిందంటరు. సామేలు గీసిండంటే నా దగ్గరికి వచ్చి అడుగుతరు. మంచిది చేస్తే మా పేరు రాయరు, తప్పు చేస్తే గూడ రాయరా? గీ ముప్పై రెండేండ్లు నేను ఈడ లేనా?”

“సామేలూ!” అన్నాడు మేనేజర్.

“నువ్వాగు సార్.” ఆయనను ఏకవచనంలో పిలిచింది ఆ ఒక్కసారే.

ఆఫీసర్ ఆ ముక్క కొట్టేసి, పైన నా పూర్తి పేరు, నా పని రాశాడు. అప్పుడు సంతకం పెట్టాను.

డాక్టరమ్మ తన తప్పును తానూ ఒప్పుకుంది. తెర ఆరగానే వెనక్కి పోనందుకు మూడు నెలలు లైసెన్స్ ఆపారు. రద్దు చేయలేదు. కావాలని పోయిందన్న మాట రిపోర్టులో లేదు. నా నౌకరీ పోలేదు గానీ, కింది సిబ్బంది పైలట్లకు దారి కాగితాలు ఇవ్వరాదని మేనేజర్ ఆర్డర్ రాయించి గది గోడకు అంటించాడు.

ఆ మూడు నెలలూ నేను ఖాళీగా కూర్చోలేదు. సెలవు పెట్టి కాగజ్‌నగర్ నుంచి రైలెక్కి, కిటికీ పక్కన కూర్చొని దారంతా రాసుకున్నాను. ఈసారి పొగలు లెక్కపెట్టలేదు. పొగ ఎవరో పొయ్యి వెలిగిస్తేనే ఉంటుంది. గోదావరి మీది వంతెన రాశాను, పట్టాలు చీలే చోటు రాశాను, గుట్ట రాశాను. పైన తేదీ వేశాను. కింద పేరు పెట్టాను. ముప్పై రెండేళ్లు తారు బాటకు కాపలా కాశాను గానీ నేను రాసిన రాతకు కాపలా కాయలేదని ఆ కేసే నేర్పింది. రాసి ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. అది ఎవరి చేతుల్లో ఉందో, ఇంకా నిజమేనా కాదా, రాసినవాడే పోయి చూడాలి.

సెప్టెంబరులో ఒక శనివారం డాక్టరమ్మ దిగింది. కొత్త కాగితం ఇచ్చాను. పైనుంచి కిందిదాకా చదివింది.

“తేదీ వేసినవు కాకా.”

“ప్రతి నెలా మారుస్త. పాతది పట్టుకొని వస్తే నేను ఒప్పుకోను.”

ఆమె గోడ వైపు చూసింది. ఆర్డర్ అక్కడే ఉంది, మేనేజర్ సంతకంతో. దాని కిందే మేకు కొట్టి నా జిరాక్సుల కట్ట వేలాడదీశాను.