చద్దరు కాగితం మీద తాత

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: చెవి మీద పెన్సిలు పెట్టుకున్నవాడల్లా చిత్రకారుడేనని. కాలేజీకి కూడా అలాగే పోయేవాణ్ణి. (వడ్రంగి పిల్లగాడనుకున్నవాళ్ళే ఎక్కువ.) షోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంటి ముందుగదిలో బాపు (మా నాన్న) చద్దర్లకు డిజైన్లు గీసేవాడు, వెనకగదిలో నాయనమ్మ బీడీలు చుట్టేది, నడుమ నేను నా ప్రతిభను పరుచుకుని ఎవరికీ దారి లేకుండా కూర్చునేవాణ్ణి.

తాత పోయిన ఏడాదికి నాయనమ్మ రెండు ఫోటోలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒకటి తాత మిల్లు పాసుది, ఇంకోటి ఆమె బీడీ కార్డుది. "ఇద్దర్ని ఒక్కకాడ కూసుండబెట్టురా. బతికున్నన్నాళ్ళు 'ఆలితోని ఫోటో ఏంది, నలుగురు నవ్వుతరు' అనుకుంట తప్పించుకున్నడు. ఇప్పుడెట్ల తప్పించుకుంటడో సూస్త" అంది. నవ్వుతూనే అంది గాని, అంటున్నంతసేపూ ఆ పాసు ఫోటోని కొంగుతో తుడుస్తూనే ఉంది.

ఫోటో చూసి పెద్దగా గీయాలంటే ముందు దానిమీద గళ్ళు గీసుకోవాలి. నాయనమ్మ ఆ ఫోటోల మీద గీతలు పడనిస్తుందా! చద్దర్లు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవరు కత్తిరించి, దానిమీద స్కేలుతో నలుచదరపు గళ్ళు గీసి, ఫోటోల మీద పరిచాను. బాపు దగ్గరి గళ్ళ కాగితం ఒకటి లాగి, గడికి గడి దించడం మొదలుపెట్టాను. భుజాలు కలిసేచోట ఒక గడి తాతది, ఒక గడి నాయనమ్మది. పడుగూ పేకా లాగా అల్లేశాను. చెయ్యి తగిలి చెరిగిపోకుండా గీసినంత మేరా పాత పేపరు కప్పుకుంటూ పోయాను, కాబట్టి బొమ్మ మొత్తంగా ఎలా వచ్చిందో నేనూ చూడలేదు. ఈలోగా నాయనమ్మ వీధిలో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ చాటేసింది: "ఐతారం రాండ్రి, మా ఆయన పక్కల కూసుంటున్న!"

ఆదివారం అందరి ముందూ పేపరు లాగాను. తాత మొహం సొరకాయంత పొడుగు! నాయనమ్మకు కొంగ మెడ. ఒకామె "అగ్గబాయీ!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు తొంగిచూసి, "పాగల్! గది చద్దర్ కాగితం గదరా! దాని గళ్ళు నిలువుగ సాగి ఉంటయి. మగ్గమెక్కినంకనే కొలతకొస్తయి" అని తల కొట్టుకున్నాడు. పుట్టినప్పటినుంచీ ఆ కాగితాల మీదే పాకినవాణ్ణి, లోకంలో గళ్ళ కాగితమంటే అదొక్కటేననుకున్నాను మరి.

భూమిలోకి దిగిపోవాలనిపించింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. బొమ్మ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇంకోటి గీస్త నాయనమ్మా, ఇది ఇటియ్యి" అన్నాను. ఇవ్వలేదు. "పెండ్లినాడు నేను ఇంతంత పోరిని. తలెత్తి సూస్తె ఈయన గిట్లనే అగుపడ్డడు, ఆకాశమంత. గిది ఉండనీ" అంది. అంతవరకూ నవ్విన ఆడవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

నా పొగరు ఊరుకుంటుందా! నెల తిరక్కముందే సరైన కాగితం కొని, వెంట్రుకవాసి తేడా లేకుండా ఇంకో బొమ్మ గీసి చూపించాను. నాయనమ్మ మర్యాదగా చూసి, "నేనైతే మంచిగున్న. పక్కలాయన ఎవల్రా?" అంది.

ఇప్పుడు నేనూ చద్దర్లకే డిజైన్లు చేస్తున్నాను, కంప్యూటరు మీద. గళ్ళ లెక్క అదే సరిచేసుకుంటుంది. నాయనమ్మ పోయాక ఆ పొడుగు తాత ఆమెతో సహా నా గదిలోకి వచ్చాడు. ఎవరైనా చూసి "గిదెవలు గీసిండ్రు?" అని నవ్వితే, నేనేనని కాస్త గర్వంగానే చెబుతాను. అంత తప్పుగా గీయడం ఇప్పుడు నాకు చేతకాదు.