మెరవకూడని బండి

ఆ కార్లు కడిగే షెడ్డులో అందరిదీ ఒకటే మాట: బండి మెరవాలి. ఏదో కాస్త మెరిస్తే చాలదు. ఎదురుగా వచ్చేవాడు కళ్ళు మూసుకుని పక్క కాలవలోకి దిగిపోవాలి. అలాంటి చోట, వెనక గోడ మూలన, బండి పట్టేంత జాగాలో ఒక మనిషి మాత్రం పొద్దస్తమానం కూర్చుని బండ్లు మెరవకుండా కాపాడుతూ ఉండేవాడు. అందుకే అతనికి మసకయ్య అని పేరు పడింది. అసలు పేరు అతని డ్రైవింగ్ లైసెన్సుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఎండకు వెలిసిన నలుపును మళ్ళీ నలుపు చెయ్యడం మసకయ్య పని. కార్లకు బంపర్లు, చక్రాల చుట్టూ పట్టీలు, తలుపుల కింది అంచులు ఉంటాయి కదా, తడిమితే బత్తాయి తొక్కలా గరుగ్గా తగిలే నల్ల ప్లాస్టిక్కువి? కొత్తలో అవి బొగ్గులా ఉంటాయి. నాలుగేళ్ళు ఎండలో నిలబడితే బూడిదరంగుకు తిరుగుతాయి. అది చూసి జనం కంగారుపడి చేతికందిందల్లా పూస్తారు. బూటు పాలిష్ పూసినవాళ్ళున్నారు. ఇంజనులోంచి తీసిన పాత ఆయిలు పూసినవాళ్ళున్నారు. ఒకాయన వంటనూనె పట్టించి బజారుకెళ్తే, కుక్కలు బంపరు నాకుతూ నాలుగు వీధులు వెంటపడ్డాయి. ఆయన బండాపి దిగే ధైర్యం లేక, పెట్రోలు అయిపోయేదాకా ఊరి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ఏది పూసినా మొదటి రెండు రోజులే నిగనిగలాడుతుంది. మూడో రోజు వాన పడితే చారలు కడుతుంది. పూసిందంతా ఆ గరుకులోని సన్నటి గుంటల్లో ఇరుక్కుని తెల్లగా గడ్డకడుతుంది. అప్పుడు మసకయ్య గుర్తుకొస్తాడు. అతను మెత్తటి బ్రష్షు పట్టుకుని, పసిపిల్ల పళ్ళు తోమినట్టు, ఆ గుంటల్లోంచి ఊరందరి తెలివితేటలూ తోమి తీసేవాడు. తర్వాత జిడ్డు విరిచే మందుతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టి, అరచేతిలో పట్టేంత స్పాంజితో నల్లమందు పలచగా పట్టించేవాడు. ఎక్కువైంది వెంటనే అద్ది తీసేవాడు. ఆ మందు ఒక రోజంతా ఆరాలి. ఆ రోజు దానికి నీటిచుక్క తగలకూడదు, గుడ్డ తగలకూడదు, ముఖ్యంగా వేలుపెట్టి చూసే మనిషి తగలకూడదు. ఆరాక అది కొత్తలో ఉన్నట్టే ఉంటుంది, నల్లగా, పొడిగా, ఏ మెరుపూ లేకుండా. వానకీ ఎండకీ రెండేళ్ళు చలించదు.

అంతా అయ్యాక బండిగల ఆసామి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏంటయ్యా, ఇంకా మొదలెట్టలేదా?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్న మసకయ్య ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. తర్వాత పళ్ళు కొరికేవాడు. ఎడమవైపు దవడ పన్ను ఒకటి అలాగే అరిగిపోయిందని వాళ్ళావిడ అందరికీ చెప్పేది.

అతనూ పుట్టుకతో మసక మనిషి కాడు. పదకొండేళ్ళు ఒక పెయింటింగు షాపులో పాలిష్ మిషను పట్టాడు. అతను తుడిచిన తలుపులో మొహం చూసుకుని కస్టమర్లు గడ్డం గీసుకునేవారు. ఒకరోజు మెరుపు లేని నల్లరంగు వేసిన బండి వచ్చింది. దాని బానెట్ మీద చిన్న మరక ఉంటే, అలవాటు కొద్దీ మిషను పెట్టాడు. మరక పోయింది. దాని చోట అద్దంలాంటి మచ్చ తేలింది. దాన్ని పోగొట్టాలని ఎంత రుద్దితే అంత మెరిసింది. ఆ రకం రంగు అంతే, రుద్దిన చోటల్లా పైనున్న సన్నటి గరుకు అణిగిపోయి మెరుపు తేలుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఆ షాపులోంచి వెళ్ళగొట్టేవేళకు అతనికి అర్థమైందేమిటంటే, లోకంలో మెరవకూడనివి కూడా కొన్ని ఉంటాయని.

ఆ తర్వాత, ఇప్పటికి ఏడేళ్ళ కిందట, అక్క చెప్పగా బావ తన షెడ్డులో ఆ మూల ఇచ్చాడు.

బావ షెడ్డు యజమాని. పెద్ద పొట్ట, అంతకంటే పెద్ద గొంతు. ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. పని ఎవరు చేసినా, బండి గేటు దాటేముందు బావ స్వయంగా లేచి వచ్చి, పైపుతో ఒకసారి నీళ్ళు చల్లి, భుజం మీది గుడ్డను మెరుపు నూనెలో ముంచి, బండిని తల నుంచి తోక దాకా ఒక చుట్టు తుడిచేవాడు. దీన్ని 'చివరి చెయ్యి' అనేవాళ్ళు. చివరి చెయ్యి పడని బండి ఇరవై ఏళ్ళలో ఆ గేటు దాటలేదు. ఒకసారి దారి తప్పి లోపలికొచ్చిన ఐసుబండికి కూడా చివరి చెయ్యి వేసి పంపించాడని చెప్పుకుంటారు.

మసకయ్య మూడు రోజులు కూర్చుని మసక తెచ్చిన బండికి బావ మూడు నిమిషాల్లో మెరుపు తెచ్చేవాడు. వద్దు బావా అంటే వినేవాడు కాడు. "ఒరేయ్, పెళ్ళికూతుర్ని మొహం కడక్కుండా పంపిస్తామా?" అనేవాడు.

ఒక సోమవారం బావ వచ్చి మూలన నిలబడ్డాడు.

"బండ్లకు స్టిక్కర్లు అంటించేవాడొకడు ఈ జాగా అడుగుతున్నాడ్రా. నీ దగ్గరికొచ్చిన ప్రతివాడూ ఇంకా మొదలెట్టలేదా అంటూ నా మొహం మీదే అడుగుతున్నాడు. నేనేం చెప్పను?"

"పని అయిపోయిందని చెప్పు బావా."

"నాకే నమ్మకం లేనిది నేనెలా చెప్తానూ? సరే, ఆఖరిసారి. ఈసారి వచ్చే కస్టమరు బాగుందన్నాడా, ఈ మూల నీది, ఇంకెవరికీ ఇవ్వను. అనలేదా, వారం తిరక్కుండా స్టిక్కర్లవాడొస్తాడు. మీ అక్క మీద ఒట్టు."

అక్క మీద ఒట్టంటే బావ దాటడు. దాటితే ఏమవుతుందో షెడ్డులో అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నమే పశువుల డాక్టరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, వానలో మడిచిన గొడుగులా ఉంటాడు. ఆయన బండి మొత్తం మెరుపు లేని నలుపు, బంపర్లూ పట్టీలూ గరుకు నలుపు. అదంతా ఒకప్పటి మాట. ఇప్పుడు చూస్తే పొయ్యిలోంచి బూడిద తీసి చల్లినట్టుంది. పాత యజమాని ఎవరో బంపరుకు మైనం పట్టించాడు. అది గుంటల్లో తెల్లగా పాతుకుపోయింది.

"చూడండీ," అన్నాడు డాక్టరు, "నాకిది మెరవకూడదు. ఎండలో బండి తళుక్కుమంటే గేదెలు బెదురుతున్నాయి. కొత్తలో ఎలా ఉండేదో అలా, పొడి నలుపు కావాలి. అవుతుందా?"

మసకయ్య స్పాంజి కింద పెట్టాడు. ఏడేళ్ళలో ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే. ఆయన చెయ్యి పట్టుకోబోయి, తన చేతికి నల్లమందు ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"శుక్రవారం పన్నెండుకు రండి," అన్నాడు.

మంగళవారమంతా మైనం తోమాడు. బుధవారం బండి పైరంగును మెత్తటి సబ్బుతో, రుద్దకుండా, అద్దినట్టే కడిగి ఆరబెట్టాడు. గురువారం మధ్యాహ్నానికి నల్లమందూ, పైరంగు వెలవకుండా కాచే మందూ పట్టించి, బండిని వెనక్కి తోసి గోడకు బాగా దగ్గరగా పెట్టాడు. చుట్టూ తాడు కట్టాడు. తాడుకు అట్టముక్కలు వేలాడదీశాడు: 'ముట్టుకోకండి', 'తడపకండి', 'బావా, నీక్కూడా'.

శుక్రవారం పొద్దున్నే వచ్చి బండి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. పదిగంటలకు అక్క టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఏరా తమ్ముడూ, మొహం అలా పీక్కుపోయిందేం? ఇంటికెళ్ళి స్నానం చేసి చొక్కా మార్చుకునిరా. డాక్టరుగారొచ్చే వేళకు మనిషిలా ఉండు."

"బండిని వదిలి కదల్లేనక్కా. బావున్నాడు."

"నేనిక్కడ కూర్చుంటాను. మీ బావ నన్ను దాటి వెళ్తాడా?"

అది నిజమే. ఆ మాట నమ్మి వెళ్ళాడు. గంట పట్టలేదు. తల తుడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చేసరికి పైపు నీళ్ళ చప్పుడు వినిపించింది. తువ్వాలు అక్కడే పడిపోయింది.

తాడు విప్పి ఉంది. అట్టముక్కలు పొందిగ్గా స్టూలు మీద పేర్చి ఉన్నాయి. బండి కొత్త ఇత్తడి బిందెలా మెరుస్తోంది. బావ గుడ్డ భుజం మీద వేసుకుని వెనక్కి జరిగి, తల పక్కకు వంచి, తన పని చూసుకుని మురుస్తున్నాడు.

"అక్కా!"

"నన్ననకురా," అంది అక్క, "డాక్టరుగారు ముందే బయల్దేరానని ఫోను చేశారు. ఈ బండి చూస్తే నాకే సిగ్గేసింది. నాలుగు రోజులు పెట్టుకుని దుమ్ము కూడా తుడవలేదనుకోరూ? పాపం నీ మూల పోతుందని, నేనే మీ బావతో చెప్పాను, ఒక్క చెయ్యి వెయ్యండీ అని."

"వద్దన్నాను కూడా," అన్నాడు బావ. "ఒట్టు. వీడి అట్ట చదివాను. కానీ మీ అక్క చెప్తే కాదనగలనా?"

మసకయ్య బండి దగ్గరికి నడిచాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఇంకా పూర్తిగా ఆరని నల్లమందు నీళ్ళకు పొక్కి చారలు కట్టింది. గరుకు గుంటల్లో మెరుపు నూనె నిండింది. బానెట్ మధ్యలో బావ గట్టిగా అరచెయ్యి వేసి రుద్దిన చోట అద్దంలాంటి మచ్చ తేలి ఉంది. పదకొండేళ్ళు పనిచేసిన షాపు నుంచి తనను బయటికి నెట్టిన మచ్చ, సరిగ్గా అదే, ఇక్కడికి కూడా వెతుక్కుంటూ వచ్చింది.

"బావా, ఇది మెరవడానికి పుట్టిన బండి కాదు! ఏడేళ్ళుగా చెప్తున్నాను! గోడకు చెప్పుంటే అదైనా ఈపాటికి నేర్చుకునేది!" అతని గొంతు అంత పెద్దగా లేవడం ఆ షెడ్డులో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. కడిగేవాళ్ళు పైపులు కట్టేశారు. బావ గుడ్డను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు.

ఆయన బంపరు దగ్గర వంగి చూశాడు. బండి చుట్టూ మెల్లగా నడిచాడు. గోడకూ బండికీ మధ్య జానెడు సందు ఉంటే, ఒళ్ళు పక్కకు తిప్పి అందులోకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"ఇక్కడేం చేశారండీ?" అని సందులోంచి గొంతు వినిపించింది.

బావ చేతులు జోడించాడు. "క్షమించాలి డాక్టరుగారూ. ఆ వెనక తలుపు ఒక్కటీ మిగిలిపోయింది. సందులో నా పొట్ట పట్టలేదు. బండి ముందుకు తియ్యండి, రెండు నిమిషాల్లో దాన్ని కూడా మెరిపించేస్తాను."

"దాని జోలికి రాకండి!" డాక్టరు తల బయటికొచ్చింది. "నేనడిగింది ఇదే. ఇది బాగుంది. చాలా బాగుంది. మరి మిగతా బండికేం జబ్బు చేసింది?"

బావ అక్కవైపు చూశాడు. మసకయ్యే ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. నూనె తీసి మొత్తం మళ్ళీ చేస్తానన్నాడు. "బానెట్ మీది మచ్చ మాత్రం నా వల్ల కాదండీ. అది పోదు. రంగు తీసి కొత్తగా వేస్తే తప్ప పోదు. ముందే చెప్తున్నాను."

డాక్టరు ఆ మచ్చ వంక చూశాడు. "గేదె ముందు నుంచి రాదులెండి," అన్నాడు. "బుధవారం వస్తాను."

ఆయన వెళ్ళాక బావ గొంతు సవరించుకున్నాడు. "బాగుందన్నాడు. నేను విన్నాను. కానీ ఒక్క తలుపే కదా బాగుందన్నాడు?"

"అయితే?"

"అయితే తలుపంత జాగా నీది." జేబులోంచి సుద్దముక్క తీసి, వెనక తలుపు వెడల్పు కొలిచి, నేల మీద రెండు గీతలు గీశాడు. "మిగతా బండి బాగుందనగానే మిగతా మూల. ఒట్టంటే ఒట్టే. ఈ మధ్యలో స్టిక్కర్లవాడు గీత అవతల కూర్చుంటాడు."

స్టిక్కర్లవాడు నిజంగానే వచ్చి గీత అవతల బల్ల వేసుకున్నాడు. మసకయ్య ఆ ఐదు రోజులూ బండిని ముందుకూ వెనక్కూ తోసుకుంటూ, రెండు గీతల మధ్య పట్టినంత మేర పని చేసి, అది ఆరాక మళ్ళీ తోసి, బండి చుట్టూ అలా ముక్కముక్కగా తిరిగొచ్చాడు. స్టిక్కర్లవాడి కాలు మీంచి చక్రం రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వాడే బల్ల మడిచేసి, ఇంకో షెడ్డు చూసుకుంటానని వెళ్ళిపోయాడు. అక్క రోజూ టిఫిను డబ్బా గేటు దగ్గరే పెట్టి, బండివైపు చూడకుండా తిరిగి వెళ్ళిపోయేది. చూస్తే చేతులు ఊరుకోవని ఆవిడకూ తెలిసొచ్చింది.

బుధవారం డాక్టరు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. చేత్తో తడమబోయి, అనుమతి కోసం మసకయ్య మొహం చూసి, అతను తలూపాక తడిమాడు. "బాగుంది," అన్నాడు. ఆ మాట బావకు వినబడేలా ఇంకోసారి అన్నాడు.

బావ చీపురు తెచ్చి సుద్దగీతలు చెరిపేశాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక బండి చివరి చెయ్యి పడకుండా, పొడిగా, నల్లగా గేటు దాటింది. ఆ పూట బావ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకోవడం కష్టంగా ఉందిరా," అన్నాడు.

"పట్టుకో బావా."

బండి మలుపు తిరుగుతుంటే బానెట్ మీద ఎండ పడింది. అంత నలుపులోనూ అరచేతి మేర ఒక్కచోట తళుక్కుమంది. బావ మొహం వెలిగిపోయింది. కడిగేవాళ్ళందరినీ పిలిచి వేలు పెట్టి చూపించాడు.

"అదిగో, ఆ ఒక్కటీ నేను చేసింది. చూశారా? మిగతా బండంతా ఎక్కడ, అదెక్కడ!"

మసకయ్య కుడివైపు దవడతో పళ్ళు కొరికాడు. ఎడమవైపు ఇక అరగడానికేమీ మిగల్లేదు.