జాజి పాటల టీచరుగారు

మా పైవాటా వాళ్ళు కొన్న వాషింగ్ మెషీన్‌కి ఒక కాలు పొట్టి. బట్టలు పిండేటప్పుడు 'ధడ్... త, ధడ్... త' అంటూ కుంటుతుంది. అపార్ట్‌మెంటులో అందరూ దాన్ని తిట్టిపోస్తుంటే, నేను మాత్రం వంకాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట మీద చెయ్యాపి వింటూ కూర్చుంటాను. మా ఆయనకి ఇది అర్థంకాదు. "ఆ దరిద్రపు చప్పుడులో ఏం సంగీతం వినబడుతోందే నీకు?" అంటారు. సంగీతమే వినబడుతోంది మరి. వసుంధర టీచరుగారు నా చెవిని అలా పాడుచేసి వెళ్ళిపోయారు.

మాది నిడదవోలు. నాన్నకి బజార్లో బట్టల కొట్టు. తొంభైల్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఆవిడ మా బడికి సంగీతం టీచరుగా వచ్చారు. పుట్టింటివాళ్ళు దగ్గర్లోని పల్లెటూరి రైతులు. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం వల్ల కలకత్తా వెళ్ళి, అక్కడొక పెద్ద హోటల్లో బ్యాండుతో కలిసి చాలా ఏళ్ళు జాజ్ అనే ఇంగ్లీషు పాటలు పాడారు. పిల్లల్లేరు. భర్త పోయాక నిడదవోల్లో ఉన్న అన్నగారింటికి చేరారు. 'హోటల్లో పాడేదట' అన్న మాట ఆవిడ సామాను కంటే ముందే ఊళ్ళో దిగింది. హోటలంటే మాకు తెలిసింది ఇడ్లీ హోటలు. ఇడ్లీలు తినేవాళ్ళకి మధ్యలో పాటలెందుకో మాకు అంతుబట్టలేదు.

జాజ్ అన్న మాట మా మామ్మ చెవిన 'జాజి'గా పడింది. ఆవిడ ఎవరో జాజిపూల మీద పాటలు పాడతారనుకుని, శ్రావణ శుక్రవారం పేరంటానికి తనే వెళ్ళి పిలిచింది. "మీరు జాజి పాటలు పాడతారటగా అండీ! మా ఇంట్లో ఒకటి పాడాలి, కాదనకూడదు" అంది. పక్కనే ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను. టీచరుగారు నా వంక చూసి, నవ్వు ఆపుకుని, "తప్పకుండా పాడతానండి" అన్నారు. మామ్మ చేసిన తప్పుని నిజం చెయ్యడానికి నిజంగానే కూర్చుని పాట కట్టారు. 'జాజులు తెచ్చే గాలీ, కాస్త మెల్లగా రా' అని దాని ఎత్తుగడ. మాటలు తెలుగు, నడక మాత్రం కలకత్తాది.

పేరంటాళ్ళు తాంబూలాలు పక్కనపెట్టి చప్పట్లు మొదలుపెట్టారు. ఆ పాటలో 'మెల్లగా' అన్న మాట చప్పట్లతో పాటు రాదు. తాళం దెబ్బ పడిపోయాక, ఇక రాదేమో అనుకున్నాక, అప్పుడొస్తుంది. పాపం, ఆవిడకి తాళం అందట్లేదనుకుని మా అత్తయ్యలు సాయంగా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు! ఆవిడ వెళ్ళకముందే వంటింట్లో మామ్మ, "గొంతు బంగారమేగానే, ఊరందరిదీ ఒక దారయితే ఉలిపికట్టెది ఒక దారి" అంది. ఆ మాట వసారాలో ఉన్న ఆవిడకి వినబడింది.

టీచరుగారు ఏమీ అనుకోలేదు. మర్నాడు బళ్ళో నన్ను పిలిచి, "మీ ఇంట్లోకి ఎలా వెళ్తావు పద్దూ?" అని అడిగారు. "గుమ్మంలోంచి" అన్నాను. "తిన్నగా పరిగెత్తుకుపోతావా? గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగి, చెప్పులు విడిచి వెళ్తావు కదా. తాళం గుమ్మం లాంటిదమ్మా. అది ఎక్కడుందో తెలియనివాడు తట్టుకుని పడతాడు. తెలిసినవాడు ఆగుతాడు" అన్నారు. ఆ తర్వాత నేను చాలామంది దగ్గర సంగీతం నేర్చుకున్నాను. ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను డిగ్రీ పూర్తిచేసే నాటికి ఆవిడ మెడ దగ్గర వాపు కనబడింది. ఆపరేషన్ తప్పదనీ, గొంతు మిగులుతుందో లేదో చెప్పలేమనీ రాజమండ్రి డాక్టరుగారు అన్నారు. ఆవిడ కంగారుపడలేదు గాని ఒకటే పట్టుబట్టారు. "కలకత్తాలో ఇన్నేళ్ళు పాడానా, అవన్నీ ఎవరివో పాటలు. నాదని చెప్పుకోడానికి ఈ జాజుల పాటొక్కటే. కత్తి పడేలోగా రికార్డు చేయించు పద్దూ. గొంతు పోతే పోనీ, పాటుంటుంది."

రాజమండ్రిలో ఒక చిన్న స్టూడియో దొరికింది. రికార్డిస్టు మర్యాదస్తుడు, కుర్చీలో దిండు కూడా వేసి ఆవిడని కూర్చోబెట్టాడు. గిటారూ డ్రమ్సూ మొదలయ్యాయి. ఆ రోజు 'మెల్లగా' ఎంత ఆలస్యంగా వచ్చిందంటే, అద్దం ఇవతల నేను ఊపిరి బిగబట్టుకున్నాను. అది వచ్చి వాలేసరికి ఏడుపొచ్చేసింది. అంత బాగా ఆవిడ ఎప్పుడూ పాడలేదు.

ఆపరేషనయి, మెడకి కట్టుతో టీచరుగారు ఇంటికొచ్చాక ఆ రికార్డిస్టు సీడీ పట్టుకుని తనే బస్సెక్కి నిడదవోలు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదు కదండీ, తాళం అక్కడక్కడా జారింది. ఎవరైనా వింటే మాటొస్తుందని, కంప్యూటర్లో ఒక్కో మాటా ముందుకి జరిపి సరిగ్గా దెబ్బ మీద కూర్చోబెట్టేశానండి" అన్నాడు.

"ముందు పాడింది ఉందా అండీ?" అన్నాను.

"దాని మీదే సేవ్ చేసేశానండి. తప్పులున్నది ఇంకెందుకని!"

పాట పెట్టాం. 'మెల్లగా' ఠంచనుగా వచ్చేసింది, బడి గంటకి వచ్చినట్టు. నాకు కడుపు మండిపోయి లేచి నిలబడ్డాను. టీచరుగారు నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టేశారు. అతనికి చేతులు జోడించి, గాలే తప్ప గొంతులేని గొంతుతో, "చాలా శ్రమపడ్డారండి. కాఫీ తాగి వెళ్ళండి" అన్నారు. అతను ఎంతో తృప్తిగా తాగి వెళ్ళాడు. ఆ తర్వాత ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను వెళ్ళొస్తానని చెప్పినా ఇటు తిరగలేదు.

గొంతు తిరిగి రాలేదు. బడి మానేశారు. నేను వెళ్ళినప్పుడల్లా నా మణికట్టు పట్టుకుని వేలితో తాళం వేసేవారు, నేను పాడేదాన్ని. తొందరపడితే గట్టిగా నొక్కి ఆపేసేవారు. ఆవిడ చెప్పిన చోటికి దగ్గరగా వెళ్ళగలిగాను గాని, సరిగ్గా అక్కడికి ఎప్పుడూ చేరలేదు. ఆవిడకీ తెలుసు. చివరికి ఒకరోజు వేలు తీసేసి, "చాల్లేమ్మా" అన్నారు. ఆ మరుసటేడు పోయారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వాళ్ళ అన్నగారు సీడీ వేశారు. చెల్లెలు హోటల్లో పాడిందని ఏళ్ళ తరబడి ఊరంతా అంటుంటే తలొంచుకుని తిరిగిన మనిషి. పాట వింటూ కండువాతో కళ్ళొత్తుకుని, "విన్నావా అమ్మాయ్! అందరూ ఏవేవో అన్నారు. మా చెల్లి ఎక్కడైనా తాళం తప్పిందేమో చెప్పు!" అన్నారు.

"లేదండీ" అన్నాను.

ఏటా సంవత్సరీకానికి ఆ పాట వేస్తారు, నన్ను పిలుస్తారు. ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద తాళం వేస్తుంటారు. 'మెల్లగా' దెబ్బ మీద పడి వెళ్ళిపోతుంది. అందరూ తర్వాతి మాటకి వెళ్ళిపోతారు. నేనొక్కదాన్నే, ఆవిడ రావలసిన చోట ఆవిడ కోసం ఆగుతాను. ఆవిడ రారు.