నదికి తొలి గుక్క

వాటీ గెడ్డిస్‌కి కోపం వస్తే మాట్లాడడు. తిడితే నయం. ఆ సెప్టెంబరు మధ్యాహ్నం ఇనప వంతెన కింద రాళ్ళ మీద ఆయన నోరు విప్పకుండా నిలబడ్డప్పుడే, కొంప మునిగిందని నాకు అర్థమైంది.

నేను వ్యాను నడుపుతాను. వ్యాను వాటీ వాళ్ళ అన్న కూతురు మోర్వెన్‌ది. విస్కీ బట్టీలో ఉద్యోగం పోయాక, అదే విస్కీని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళని తిప్పుకుని బతుకుతోంది. పొద్దున రెండు బట్టీలు, మధ్యలో సూపూ రొట్టే, చివర్న వంతెన. అప్పటికే సగం మత్తులో ఉన్న మహానుభావులు వంతెన బురుజుల దగ్గర ఫోటోలు దిగుతారు, ఎవరు కట్టారని అడుగుతారు, జవాబు వినకుండానే కమ్మీలెక్కుతారు. రోజూ నాకు ఒళ్ళు మండేది.

నిజానికి వాళ్ళు వచ్చేది వాటీ కోసం. దొరల చేత మా ఊరి స్పే నదిలో సాల్మన్ చేపలు పట్టించడం ఆయన జీవితమంతా చేసిన పని. ఏ రాయి దగ్గర చేప ఆగుతుందో చూపించాలి, నీళ్ళలో జారే దొరని కాలరు పట్టుకుని లాగాలి, పట్టిన చేప మాత్రం దొరదే. ఫిబ్రవరిలో వేట తెరిచే రోజున ఎవరూ గాలం వేయకముందు నదికి విస్కీ పోస్తాం. తొలి గుక్క నదికి, రెండోది అదే సీసాలోంచి పోసినవాడికి, ఆ తర్వాతే ఊరికి. చాలా ఏళ్ళుగా పోసేది వాటీయే. పోస్తూ, ఈ ఏడు మావాళ్ళని అందరినీ ఇంటికి పంపమని నదిని అడుగుతాడు. మోర్వెన్ తండ్రి ఆ వంతెన కింది మడుగులోనే పోయాడు. అప్పుడు ఆ పిల్లకి మాటలు కూడా రాలేదు. పెంచింది వాటీ, ఆయన భార్య ఇస్లానూ.

అదే తంతు వ్యానులో వచ్చినవాళ్ళకీ చూపించమని మోర్వెన్ అడిగితే, ఏడాదికొకసారి చేసేదాన్ని రోజూ చేస్తే అది సర్కసవుతుందని వాటీ కసురుకున్నాడు. ఆమె కాళ్ళావేళ్ళా పడింది. పెంచిన ప్రేమ, ఏం చేస్తాడు, ఒప్పుకున్నాడు. కానీ ప్రతిసారీ ఆ మాటలు మనసుపెట్టే అనేవాడు.

ఆ రోజు పోశాడు, అడగాల్సింది అడిగాడు, తన గుక్క తాను తాగాడు. సీసాలో ఉన్నది చల్లారిన టీ. పక్కనే వచ్చినవాళ్ళ గ్లాసుల్లోకి వేరే సీసాలోంచి అసలు విస్కీ పోస్తోంది మోర్వెన్. అందరి ముందూ బాబాయ్ ఏమీ అనడులే అన్నది ఆమె ధైర్యం. అన్నట్టే ఏమీ అనలేదు. మింగి, మూతి తుడుచుకుని, అందరూ వ్యాను ఎక్కేదాకా ఆ రాళ్ళ మీదే నిలబడ్డాడు.

"నా చేత టీ పోయించావా?" అన్నాడప్పుడు.

"రోజూ అంత విస్కీ నీళ్ళపాలు చేస్తే నాకేం మిగుల్తుంది బాబాయ్? నదికేం తెలుస్తుంది?"

"నదికి తెలుస్తుందో లేదో నాకు తెలీదు. అందులో మీ నాన్నున్నాడు. ఈ తాగుబోతులకి అసలుదీ, ఆయనకి టీ నీళ్ళూనా? మళ్ళీ నన్ను పిలవకు."

చలికాలమంతా ఆయన తలుపు తియ్యలేదు. మోర్వెన్ రెండుసార్లు గడపదాకా వెళ్ళి తిరిగొచ్చింది. నేనూ ఆమెని ఎడాపెడా దులిపేశాను. వేట తెరిచే రోజుకి మాత్రం వ్యాను నిండిపోయింది. వాటీ రాకపోతే వచ్చినవాళ్ళు మొహం మీదే ఉమ్ముతారనీ, ఇక వ్యాను అమ్ముకోవడమేననీ ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. ఆమె ఏడుపంతా వ్యాను కోసమే అనిపించింది.

ఆ రోజు మంచు కురుస్తోంది. తంతుకి ముందు బూర వాయించేవాడు బుగ్గలు నొప్పెట్టి ఆపేశాక, వాటీ ఒడ్డు దిగి వచ్చాడు. చంకలో ఉన్న సీసాని మా ఊరివాళ్ళందరూ చూడగానే గుర్తుపట్టారు. ఇస్లా రిటైరైన రోజున బట్టీవాళ్ళిచ్చిన విస్కీ సీసా అది. ఆవిడ పోయాక వాటీ దాన్ని దాచింది ఒక్కందుకే, తన శవపేటిక మోసినవాళ్ళ కోసం. మా దగ్గర ఖననానికి వచ్చినవాణ్ణి పొడి గొంతుతో పంపితే తరతరాలు చెప్పుకుంటారు.

మూత తీశాడు. ఒక గుక్కతో ఆపలేదు. గలగలా పోస్తూనే ఉన్నాడు. సంగతి తెలియని వ్యానువాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళని అక్కడే నీళ్ళలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. అడుగున మిగిలిన దాంట్లో తనొక గుక్క తాగి, సీసా మోర్వెన్ చేతిలో పెట్టాడు.

ఆమె సీసా అడుగుకేసి చూసింది. "బాబాయ్, ఇది నీ కోసం దాచింది కదా. రేపు నువ్వు పోతే, నిన్ను మోసినవాళ్ళకి ఏం పొయ్యను?"

"టీ పొయ్యి," అన్నాడు వాటీ. "వాళ్ళకేం తెలుస్తుంది?"