పుల్ల గుచ్చిన బీర మొలకలు

ఆ కోపం నాకు ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు.

అమ్మ పోయిన ఏడాది, పుట్టిల్లు చర్ల నుంచి నేను తెచ్చుకున్నవి రెండు పిడకలే. పురుగు పట్టకుండా గింజలను పేడలో అదిమి ఎండబెట్టడం అమ్మ అలవాటు. ఒకదాంట్లో బీర గింజలు, ఇంకోదాంట్లో నేతిబీర. ఆ బీరకాయ రుచి మా కారేపల్లి సంతలో దొరికేది కాదు. అమ్మ చేతి గింజలు ఇంకెక్కడా లేవు కూడా. వసారా గూట్లో భద్రంగా పెట్టాను. ఆడపడుచు పెళ్లికి సున్నాలు వేయిస్తూ మా ఆయన గూళ్లన్నీ ఊడ్చి, ఆ చెత్త పెరటి మడిలో గుమ్మరించాడు. పెళ్లి హడావిడిలో నాకు తెలియనే లేదు. తొలకరికి రెండూ కలిసి మొలిచాయి.

మొలకలప్పుడు బీరా నేతిబీరా కవలపిల్లలే. ఆకు చూసి చెప్పడం నా తరం కాలేదు. వేలితో మట్టి కదిపి, ఒక్కో మొలక వదిలిన గింజ పొట్టు వెతికాను. గరుకుగా ఉంటే బీర, నున్నగా ఉంటే నేతిబీర. నడుం పడిపోయింది. బీర మొలకల పక్కన గుర్తుగా చీపురు పుల్లలు గుచ్చాను.

ఆదివారం చర్చికి వెళ్లి వచ్చేసరికి పుల్లలు లేవు, మొలకలూ లేవు.

"పుల్ల గుచ్చినవన్నీ పీకేసిన. నీకు పని తప్పింది," అన్నాడు మా ఆయన, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

"ఎవరు పీకమన్నరు?"

"మిరప చేన్ల ముడత పట్టిన మొక్కకు గట్లనే గుచ్చుతం గదా, కూలోళ్లు పీకెయ్యనీకి."

"ఇది నీ మిరప చేనా? ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలుతయా?"

"అయ్యో, తెల్వకపాయె."

నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ అయ్యోలో బాధా అంతే. పీకినవాటిని గేదె అప్పటికే నమిలేసింది.

మిగిలినవి పందిరంతా పాకాయి. నేతిబీర పొద్దున పూస్తుంది, బీర సాయంత్రం పూస్తుంది. మాకు రోజూ పొద్దున్నే పందిరి నిండా పసుపు పూలు.

"గింత మంచిగ కాస్తుంటే ఇంకా అలకేంది?" అన్నాడొకనాడు. ఒక్క కాయ కూడా వండలేదు నేను. ఎండబెట్టి, గిన్నెలు తోమే పీచు తీసి, అంట్లతో సహా ఆయన ముందు పెట్టాను.

బీర మొలక ఒక్కటైనా తప్పించుకుని ఉండదా అని సాయంత్రాలు పందిరి కింద నిలబడేదాన్ని. పొద్దుగూకినా ఒక్క మొగ్గ విచ్చుకోలేదు. అమ్మను మట్టిలో పెట్టిన నాడు కూడా నేనంత ఏడవలేదు.