మూడో వరుస చూడండి

హెప్సిబా పని మార్పులు రాసిపెట్టడం. లోకంలో ఎవరైనా ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫంక్షన్ పేరు మారినా, ఏది తీసేసినా, అది ఎప్పటి నుంచి, ఎందుకు అన్నది చేంజ్‌లాగ్ అనే మార్పుల చిట్టాలో ఎక్కించేది నిజామాబాద్‌లో ఒక రేకుల గదిలో కూర్చున్న ఈ మనిషే. రెండు వెర్షన్ల ముందే హెచ్చరిక పెట్టనిదే దేన్నీ తీయనివ్వదు. అయినా రోజూ ఎవరో ఒకరు, "చెప్పకుండా మార్చేశారు, మా ప్రోగ్రాం ఆగిపోయింది" అని రాస్తారు. అప్పుడామె కళ్లద్దాలు తీసి, చున్నీ కొసతో ఓపికగా తుడిచి, మళ్లీ పెట్టుకుని, "మూడో వరుస చూడండి" అని మాత్రం జవాబిస్తుంది. జనం చదవరన్నది ఆమె స్థిరాభిప్రాయం.

మొన్న ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివే వంతు ఆమెది. ఇస్త్రీ చీర కట్టుకుని తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే ఆటో దిగింది. జనం ఎదురొస్తున్నారు. ఆరాధన అయిపోయింది, పాఠం ఇంకెవరో చదివేశారు.

"చెప్పకుంట టైం ఎట్ల మారుస్తరన్నా?" అని చర్చి తాళాలు చూసే లాజరును నిలదీసింది.

లాజరు తలుపు మీది కాయితం చూపించాడు. ఎండల వల్ల ఆరాధన ఏడింటికి అని, సరిగ్గా ఆ ఆదివారం తేదీ నుంచి అని ఉంది. అంటించి మూడు వారాలైంది. ఆరాధన చివర ప్రకటనల్లో చదివారు కూడా. అప్పుడామె ఫోన్‌లో ఎవరికో మూడో వరుస చూపిస్తోంది.

హెప్సిబా కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, కాయితాన్ని రెండుసార్లు చదివింది.

"పాత టైం ఎంతనో రాయలే గద అన్నా!"

"గది నీకు మంచిగనే యాదికున్నది గద చెల్లె," అన్నాడు లాజరు, తాళం వేస్తూ.